కత్తి పోయి లేజర్ వచ్చె: ఫాంటసీ రూల్స్‌తో సైన్స్ ఫిక్షన్ ఆట

డంజన్స్ అండ్ డ్రాగన్స్ టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో, కథ చెప్పుకుంటూ ఆడే ఫాంటసీ ఆట. దాని ఐదో ఎడిషన్‌కి 2014లో వచ్చిన రూల్స్ ప్రకారమే ఇక్కడి లెక్కలన్నీ. ఆట నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) కోసం రాసిన 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో లేజర్ పిస్టల్ డ్యామేజ్ (దెబ్బ నష్టం) 3డి6. అంటే ఆరు ముఖాల పాచికలు మూడు వేసి కూడాలి, సగటు 10.5. ఆ పిస్టల్‌ని ఒక మామూలు గోబ్లిన్ (చిన్నపాటి రాక్షసి) చేతికిచ్చి లెక్క వేస్తే, దాని డెక్స్‌టెరిటీ (చురుకుదనం) +2 కలిపి దెబ్బకి సగటున 12.5 వస్తుంది. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) +2 ఉన్న ఒకటో లెవెల్ ఫైటర్‌కి ఉండేవే 12 హిట్ పాయింట్లు (ప్రాణబలం). అదే గోబ్లిన్ తన షార్ట్‌బోతో కొడితే సగటు 5.5. సైన్స్ ఫిక్షన్ క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) అనుకోగానే చాలామంది డీఎంలు తెరిచేది ఈ ఆయుధాల పట్టికనే. తెరిచిన పాపానికి మొదటి ఫైట్‌లోనే పార్టీ (ఆటగాళ్ల పాత్రల బృందం) అంతా నేల కరుస్తుంది. బతికి బట్టకట్టిన విజార్డ్‌కి (మాంత్రికుడికి) కూడా సుఖం లేదు. అతని ఫైర్ బోల్ట్ మంత్రం 1డి10 (పది ముఖాల పాచిక ఒకటి), సగటు 5.5. పక్కవాడి పిస్టల్ దానికి దాదాపు రెట్టింపు కొడుతుంటే ఇంక మంత్రం ఎందుకు?

రీఫ్లేవరింగ్ దీనికి ఉల్టా దారి. అంకెల జోలికి వెళ్లకుండా వర్ణన మాత్రమే మారుస్తారు. లాంగ్‌బోని తీసుకుని దాని పేరు లేజర్ రైఫిల్ అంటారు. డ్యామేజ్ 1డి8, రేంజ్ 150/600 అడుగులు (మామూలుగా/గరిష్ఠంగా), రెండు చేతులూ కావాలి. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఇరవై బాణాల అమ్ములపొది ఇరవై షాట్ల ఎనర్జీ సెల్ అవుతుంది. యుద్ధం అయ్యాక ఒక నిమిషం వెతికితే వాడిన బాణాల్లో సగం దొరుకుతాయని రూల్ ఉంది కదా, అది కూడా వదలక్కర్లేదు: సెల్‌ని ఒక నిమిషం చల్లారనిస్తే వాడిన ఛార్జ్‌లో సగం తిరిగి వస్తుంది. హెవీ క్రాస్‌బోకి ఉన్న లోడింగ్ గుణం రైల్‌గన్‌కి (విద్యుత్తుతో తూటా విసిరే తుపాకీకి) అతికినట్టు సరిపోతుంది. కెపాసిటర్లు నిండేదాకా రెండో షాట్ ఉండదు, కాబట్టి ఒకటికి మించి దాడులు చేయనిచ్చే ఎక్స్‌ట్రా అటాక్ ఉన్నవాడైనా ఒక యాక్షన్‌లో ఒక్కసారే పేల్చగలడు. హ్యాండ్ క్రాస్‌బో పిస్టల్ అవుతుంది.

ఇంతవరకూ తేలికే, ఎవరైనా గంటలో చేసుకోవచ్చు. చిక్కంతా పేరు మార్చాక ఆ పేరు తనతో మోసుకొచ్చే ఆశలతో వస్తుంది. పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని మనలో తెలియనివాళ్లు ఉండరు. అది విమానం తాలూకు వర్ణన కాదు, రూల్. దాన్ని దివ్యరథం అన్నంతసేపూ ఎవరూ ప్రశ్న వేయరు. స్పేస్‌షిప్ అన్న మరుక్షణం బరువెంత, ఆక్సిజన్ ఎంతమందికి సరిపోతుంది, డాకింగ్ ఎలా అని టేబుల్ చుట్టూ చేతులు లేస్తాయి. సైన్స్ ఫిక్షన్ పేర్ల స్వభావమే అంత. మంత్రదండం ఎలా పనిచేస్తుందని అడగని ఆటగాడు, డ్రోన్ అనగానే దాని బ్యాటరీ గురించి అడుగుతాడు.

ఫైండ్ ఫెమిలియర్ స్పెల్‌తో (తోడుగా ఒక జీవిని రప్పించే మంత్రంతో) వచ్చే గుడ్లగూబని నిఘా డ్రోన్‌గా మార్చినప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. స్పెల్ ఇచ్చేవి కొన్నే: వంద అడుగుల లోపు దాని కళ్లతో చూడవచ్చు, చెవులతో వినవచ్చు, తాకితేనే పనిచేసే టచ్ స్పెల్స్ దాని ద్వారా వేయవచ్చు, అది తనంతట తాను దాడి చేయలేదు. డ్రోన్ అయ్యాక ఆటగాడు వీడియో రికార్డింగ్ అడుగుతాడు, తర్వాత దానికో బాంబు కట్టవచ్చా అంటాడు. మొదటిది ఇస్తే నష్టం లేదు, ఎలాగూ చూసింది గుర్తుంటుంది. రెండోది దాడి కిందకి వస్తుంది, కాబట్టి కుదరదు. కుదరకపోవడానికి కారణం కూడా కథలోంచే రావాలి: మోటార్ల శక్తి దాని సొంత బరువు మోయడానికే సరిపోతుంది. "రూల్‌లో లేదు" అని ఊరుకుంటే ఆ డ్రోన్ మళ్లీ గుడ్లగూబలాగే కనిపించడం మొదలవుతుంది.

ఏది మ్యాజిక్ కిందకి వస్తుంది?

క్యాంపెయిన్ మొదలయ్యే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. ఆయుధాల పేర్లు, గ్రహాల పేర్లు ఆటలో దారిన పోతూ కూడా పెట్టుకోవచ్చు. దీన్ని మాత్రం వాయిదా వేయకూడదు. ఐదో ఎడిషన్ రూల్స్‌లో "మ్యాజికల్" అన్న ముద్ర మీద ఆధారపడినవి బోలెడు ఉన్నాయి: డిటెక్ట్ మ్యాజిక్ (మ్యాజిక్‌ని పసిగట్టేది), డిస్పెల్ మ్యాజిక్ (ఉన్న మ్యాజిక్‌ని తొలగించేది), కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడు వేస్తున్న స్పెల్‌ని ఆపేది), యాంటీమ్యాజిక్ ఫీల్డ్ (చుట్టూ మ్యాజిక్‌ని అణిచేసేది), మామూలు ఆయుధాలకి లొంగని రాక్షసులు. టెక్నాలజీ అంతా మ్యాజిక్ కిందే లెక్క అంటే డిటెక్ట్ మ్యాజిక్ వేసిన వాడికి ముప్పై అడుగుల్లో గోడలు, లైట్లు, తలుపులు అన్నీ మెరుస్తాయి, స్పెల్ పనికిరాకుండా పోతుంది. డిస్పెల్ మ్యాజిక్‌తో ఇంజన్ ఆపేస్తానని ఇంకొకడు లేస్తాడు, అది మరీ పనికొచ్చేస్తుంది. ఏదీ మ్యాజిక్ కాదంటే కౌంటర్‌స్పెల్ నేర్చుకున్నవాడు స్లాట్ (విశ్రాంతి తీసుకునేదాకా ఇన్నే అని ఉండే స్పెల్ కోటా) వృథా చేసుకున్నట్టే.

మధ్యేమార్గం ఒకటే పనిచేస్తుంది. ప్రపంచంలో మామూలు యంత్రాలు ఒక వర్గం, వాటికి మించిన ఒకే ఒక్క ప్రత్యేక సాంకేతికత ఇంకో వర్గం. ఆ రెండోది నానో-రేణువుల గుంపు కావచ్చు, మెదడులోని ఇంప్లాంట్ నడిపే ఏదో ఫీల్డ్ కావచ్చు. పేరు ఏదైనా, స్పెల్స్ అన్నీ దానిలోంచే రావాలి. తలుపులు, తుపాకులు, ఓడ ఇంజన్ దానికి బయట ఉండాలి. అప్పుడు డిటెక్ట్ మ్యాజిక్ ఆ ఫీల్డ్‌ని పసిగట్టే స్కానర్, కౌంటర్‌స్పెల్ అరవై అడుగుల లోపు పనిచేసే జామర్, యాంటీమ్యాజిక్ ఫీల్డ్ పది అడుగుల నిశ్శబ్ద వలయం. ఒక్కో స్పెల్‌కి ఒక్కో వివరణ (ఇది హోలోగ్రామ్, అది గ్రావిటీ గన్, ఇంకోటి మందు ఇంజెక్షన్) పెట్టుకుంటూ పోతే, మూడో సెషన్‌కల్లా కౌంటర్‌స్పెల్ ఇంజెక్షన్‌ని ఎలా ఆపిందో ఎవరూ చెప్పలేరు.

స్పెల్ స్లాట్లు ఎందుకు అయిపోతాయన్నదానికి కూడా అక్కడే జవాబు ఉండాలి. ఇంప్లాంట్ కెపాసిటర్ శరీరపు వేడితో నింపుకుంటుంది, ఎనిమిది గంటల నిద్ర కావాలి అంటే విజార్డ్ లాంగ్ రెస్ట్ కుదిరిపోతుంది. వార్లాక్ (పేట్రన్ అనే పెద్ద శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందేవాడు) స్లాట్లు గంట సేపు షార్ట్ రెస్ట్ తోనే తిరిగొస్తాయి కాబట్టి అతనికి శక్తి బయటినుంచి రావాలి. అతని పేట్రన్ కక్ష్యలో తిరిగే ఒక ఏఐ ఉపగ్రహం అనుకుంటే, అది నెత్తిమీదకి వచ్చినప్పుడల్లా ఛార్జ్ పంపుతుంది. భూమి దిగువ కక్ష్యలో ఒక చుట్టుకి సుమారు 90 నిమిషాలు పడుతుంది గనుక కాస్త సర్దుకుంటే లెక్క కూడా నప్పుతుంది. స్పెల్ వేయడానికి కావాల్సిన వెర్బల్ (మాట), సొమాటిక్ (సైగ) కాంపొనెంట్లని ఎత్తేయాలని అనిపిస్తుంది, ఎత్తేయకూడదు. వాయిస్ కమాండ్, చేతి సైగ, మణికట్టు కన్సోల్‌గా వాటిని ఉంచాలి. లేకపోతే నోరు కట్టి చేతులు కట్టిన విజార్డ్ కూడా స్పెల్ వేస్తాడు, సైలెన్స్ స్పెల్‌కి విలువ ఉండదు, పార్టీని జైల్లో పెట్టే సన్నివేశం ఇక నడవదు.

ఫైర్‌బాల్‌ని గ్రెనేడ్ చేస్తే

అందరికీ ముందు తట్టేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ బెడిసికొట్టేదీ ఇదే. ఫైర్‌బాల్ మూడో లెవెల్ స్పెల్: 150 అడుగుల దూరం, ఇరవై అడుగుల వ్యాసార్ధం, 8డి6 డ్యామేజ్, సగటు 28. మంట మూలలు తిరిగి పాకుతుంది, ఎవరి ఒంటి మీదా లేని మండే వస్తువుల్ని అంటిస్తుంది. దీన్ని గ్రెనేడ్ అనగానే అది సంచిలో పెట్టుకునే వస్తువైపోతుంది. వస్తువైతే కొనవచ్చు, దొంగిలించవచ్చు, ఫైటర్ కూడా విసరవచ్చు, గుమ్మం దగ్గర పది పాతిపెట్టి పోవచ్చు. పైగా 150 అడుగులు చేత్తో విసరడం నమ్మేలా ఉండదు. గైడ్‌లోని ఫ్రాగ్మెంటేషన్ గ్రెనేడ్‌కే అరవై అడుగులు ఇచ్చారు, డ్యామేజ్ 5డి6.

దాన్ని విజార్డ్ శరీరంతో ముడిపెడితే చిక్కులన్నీ విడిపోతాయి. ఇంప్లాంట్ నడిపే ప్లాస్మా గోళం: అతని కంటి చూపు గురి చూపిస్తుంది, అతని ఫీల్డ్ దాన్ని పట్టి ఉంచుతుంది, వదిలేసిన చోట విచ్చుకుంటుంది. ఇంకొకరికి ఇవ్వడానికి చేతిలో ఏమీ ఉండదు. జామర్ ఆ పట్టుని చెదరగొడితే గోళం పుట్టకముందే ఆరిపోతుంది, అంటే కౌంటర్‌స్పెల్ పనిచేసింది. ఆవిరిలా పాకే ప్లాస్మాకి మూలలు తిరగడం సహజం. సేవింగ్ త్రో డీసీ (తప్పించుకోవడానికి ఎదుటివాడి పాచిక చేరాల్సిన అంకె) విజార్డ్ ఇంటెలిజెన్స్ మీద ఎందుకు ఆధారపడిందో కూడా అర్థమవుతుంది, గురి అతనిది కాబట్టి. ఓ స్పెల్‌కి కొత్త రూపం ఇచ్చేటప్పుడు ఎప్పుడూ వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవే: ఎవరు వాడగలరు, ఏది ఆపగలదు, చూసేవాడికి ఏం కనిపిస్తుంది, చేసినవాడి దగ్గర్నుంచి ఏది లాక్కోవచ్చు. ఈ నాలుగింటికీ జవాబులు పాత స్పెల్‌వే రావాలి.

కొన్ని స్పెల్స్ అయితే ఇటువైపు కోసమే రాసినట్టుంటాయి. నాక్ స్పెల్ తాళం తీస్తుంది గానీ మూడు వందల అడుగుల దూరం వినిపించే చప్పుడు చేస్తుంది. సెక్యూరిటీ ఓవర్‌రైడ్, దాని వెంట సైరన్. సెండింగ్ ఇరవై ఐదు మాటల సందేశం పంపుతుంది. అందరి చేతుల్లో రేడియో ఉన్నప్పుడు ఇది దండగ అనిపించవచ్చు. కానీ భూమినుంచి అంగారకుడికి రేడియో సంకేతం చేరడానికి గ్రహాల స్థానాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. తక్షణం చేరేది సెండింగ్ ఒక్కటే అంటే, మూడో లెవెల్ స్లాట్‌కి తగిన విలువ వచ్చేసినట్టే.

డ్యామేజ్ రకాలతో జాగ్రత్త

లేజర్ అంటే కాంతి, కాంతి అంటే రేడియంట్ (దివ్యకాంతి) రకం డ్యామేజ్ అని గైడ్ తీర్మానించింది. పార్టీలో అందరికీ లేజర్లు ఇచ్చి అదే రకం ఉంచితే జాంబీల పని అయిపోతుంది. జాంబీ బలమంతా అన్‌డెడ్ ఫోర్టిట్యూడ్‌లో ఉంది: సున్నాకి పడిపోయినా సేవ్ వేసి ఒక్క పాయింట్‌తో లేచి నిలబడుతుంది. రేడియంట్ డ్యామేజ్‌కీ క్రిటికల్ హిట్‌కీ (దాడి పాచికలో 20 పడ్డ దెబ్బకీ) మాత్రం అది పనిచేయదు. ప్రతి తూటా రేడియంట్ అయితే జాంబీ అంటే 22 హిట్ పాయింట్ల దిష్టిబొమ్మ. పోనీ లేజర్‌ని ఫైర్ అందామంటే ట్రోల్ అనే రాక్షసి నష్టపోతుంది. ప్రతి టర్న్‌కీ 10 పాయింట్లు తిరిగి తెచ్చుకునే దాని గుణాన్ని ఆపేవి యాసిడ్, ఫైర్ మాత్రమే. ఆ రహస్యం కనిపెట్టడంలోనే ఆ ఫైట్‌లో మజా ఉంది. అందరి తుపాకీ దాన్ని ఆపేస్తే కనిపెట్టేదేముంది?

అందుకని మామూలు లేజర్ తుపాకీకి లాంగ్‌బోకి ఉన్న పియర్సింగ్ (గుచ్చే) రకాన్నే ఉంచేయడం మేలు. భౌతికశాస్త్రం తెలిసినవాళ్లకి కాస్త గుచ్చుకుంటుంది గానీ ఆట చెక్కుచెదరదు. క్యారెక్టర్ షీట్ మీద పియర్సింగ్, నోటితో చెప్పేటప్పుడు కాలిన రంధ్రం. ఫైర్, కోల్డ్, యాసిడ్, రేడియంట్ వంటివి ప్రత్యేక ఆయుధాలకీ స్పెల్స్‌కీ మిగలాలి. వేర్‌వుల్ఫ్ (తోడేలుగా మారే మనిషి) లాంటి వాటికి వెండి ఆయుధాల అవసరం ఉంటుంది. వంద బంగారు నాణేలకి ఒక ఆయుధానికి గానీ పది బాణాలకి గానీ వెండి పూత వేయించవచ్చని రూల్. ఆ ధరకే పది షాట్ల ప్రత్యేక సెల్ అమ్మితే సరి.

మెటల్ అన్న మాట దగ్గర కూడా ఆగాలి. హీట్ మెటల్ స్పెల్ లోహ కవచాన్ని ఎర్రగా కాల్చి ప్రతి టర్న్‌కీ 2డి8 కొడుతుంది. షాకింగ్ గ్రాస్ప్ అనే కరెంటు షాక్ స్పెల్‌కి లోహ కవచం మీద అడ్వాంటేజ్ (రెండుసార్లు పాచిక వేసి పెద్ద అంకె తీసుకోవడం) ఉంటుంది. భవిష్యత్తులో అందరూ కాంపోజిట్ కవచాలే వేసుకుంటారని సరదాగా ఒక వాక్యం అనేస్తే ఈ రెండూ చచ్చిపోతాయి, డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాల పాత్ర) ఆటగాడు నిజాయితీగా అలుగుతాడు. ఫాంటసీలో ఏ కవచం లోహమో ఇక్కడా అదే లోహం. ప్లేట్ ఆర్మర్ ఏసీ (దెబ్బ తగలాలంటే దాడి పాచిక చేరాల్సిన అంకె) 18, స్ట్రెంత్ 15 కావాలి, స్టెల్త్‌కి (చప్పుడు లేకుండా నక్కడానికి) డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్న అంకె). గట్టిగా చప్పుడు చేసే పవర్ ఆర్మర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

2017లో వచ్చిన స్టార్‌ఫైండర్ అనే అంతరిక్ష ఆట ఈ చిక్కుని ఇంకోలా తేల్చింది. ఎనర్జీ ఆయుధాలకి ఒక ఏసీ, తూటాలకీ కత్తులకీ మరో ఏసీ పెట్టింది. మొదటినుంచీ దానికోసమే కట్టిన ఆటలో అది బాగానే ఉంటుంది. ఐదో ఎడిషన్ మీద అతికించబోతే మాత్రం వందల రాక్షసులకి రెండో అంకె కొత్తగా రాసుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లు నేరుగా స్టార్‌ఫైండరే ఆడుకోవడం సుఖం.

రాక్షసులు, మనుషులు

రీఫ్లేవరింగ్‌కి అన్నిటికంటే సులువుగా లొంగేది రాక్షసుల పుస్తకం. ఆటగాళ్లు స్టాట్ బ్లాక్ (రాక్షసి అంకెల పట్టిక) చూడరు కదా. జెలటినస్ క్యూబ్‌ని చూడండి: పది అడుగుల ఘనం, పారదర్శకం, కదలకుండా ఉంటే కనిపెట్టడానికి పర్సెప్షన్ డీసీ 15, ఏసీ 6, హిట్ పాయింట్లు 84, వేగం పదిహేను అడుగులే. మింగిన మనిషికి ప్రతి టర్న్ మొదట్లో 6డి6 యాసిడ్. ఓడ కారిడార్లు శుభ్రం చేయడానికి తయారుచేసిన బయో-జెల్, సిబ్బంది పోయాక కూడా డ్యూటీ మానలేదు. ఒక్క అంకె మారలేదు. కారిడార్ పది అడుగుల వెడల్పే ఎందుకుందో, గోడలు అంత తళతళలాడుతూ ఎందుకున్నాయో పార్టీకి ఆలస్యంగా తడుతుంది.

పాడుబడ్డ రోబోలకి అస్థిపంజరాలు భేషుగ్గా సరిపోతాయి. విషం పనిచేయదు, ఊపిరి అక్కర్లేదు, సుత్తితో కొడితే రెట్టింపు దెబ్బ. అయితే లోపల "అన్‌డెడ్" ముద్ర చెరపకూడదు. చెరిపి కన్‌స్ట్రక్ట్ (తయారుచేసిన జీవి) అని రాస్తే, క్లెరిక్ (పూజారి పాత్ర) అన్‌డెడ్‌లని తరమడానికి వాడే టర్న్ అన్‌డెడ్ గాలికి పోతుంది. ఉంచితే, అదే పాత కంపెనీ షట్‌డౌన్ సిగ్నల్ అవుతుంది, విన్న రోబోలు నిమిషం పాటు పారిపోతాయి.

ఆటగాళ్ల జాతుల విషయంలో కూడా ఇంతే. ఎల్ఫ్‌ని ఆండ్రాయిడ్ చేయడం ముచ్చటగా ఉంటుంది: నిద్రకి బదులు నాలుగు గంటల ట్రాన్స్ (ధ్యానం), మ్యాజిక్ నిద్ర పట్టదు, చీకట్లో అరవై అడుగులు కనిపిస్తుంది. కానీ ఆండ్రాయిడ్ కదా అని కన్‌స్ట్రక్ట్ అంటే గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ ఎక్కదు. పోనీలే అనుకుంటే, హ్యూమనాయిడ్‌లకే (మనిషి లాంటి జీవులకే) పనిచేసే హోల్డ్ పర్సన్, చార్మ్ పర్సన్ కూడా తగలవు. ఒక చేత్తో లాక్కుని ఇంకో చేత్తో అక్కర్లేని బలం ఇచ్చినట్టు. హ్యూమనాయిడ్ అనే ఉంచి, జీవకణజాలం ఉన్న ఆండ్రాయిడ్ అంటే గొడవ లేదు. డ్వార్ఫ్‌లు గ్రావిటీ ఎక్కువగా ఉన్న గ్రహం వాళ్లు.

చావు ఖరీదు, శూన్యం లెక్క

చనిపోయినవాడిని లేపే రివివిఫై స్పెల్‌కి మూడు వందల బంగారు నాణేల వజ్రం ఖర్చవుతుంది, చనిపోయి నిమిషం దాటకూడదు. వజ్రం సైన్స్ ఫిక్షన్‌లో ఎబ్బెట్టుగా ఉందని తీసేసేవాళ్లు ఉన్నారు. ఆ వజ్రమే కదా చావుకి కళ్లెం. దాన్ని అదే ధరకి దొరికే, ఒకసారికే పనికొచ్చే ట్రామా కిట్ చేయాలి. ఒక నాణెం పది క్రెడిట్లు అనుకుంటే కిట్ 3,000, పవర్ ఆర్మర్ 15,000. శవం పాడవకుండా ఉంచే జెంటిల్ రిపోజ్ క్రయో సంచి, రెయిజ్ డెడ్ ఐదు వందల నాణేల రీజనరేషన్ ట్యాంక్.

శూన్యం ఒక్కటి పేరు మార్పుతో నడవదు. ఉన్న రూల్ ప్రకారం కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్‌కి (+2 లాంటి అంకెకి) ఒకటి కలిపి అన్ని నిమిషాలు ఊపిరి బిగపట్టవచ్చు. ఆ తర్వాత మాడిఫయర్ ఎంతో అన్ని రౌండ్లు, కనీసం ఒకటి; ఆపైన సున్నా పాయింట్లు. నీళ్లలో సరే. శూన్యంలో ఊపిరి బిగపడితే ఊపిరితిత్తులే చిరిగిపోతాయి, స్పృహ సుమారు 10–15 సెకన్లలో పోతుంది. అందుకని మొదటి సగం కొట్టేసి రెండో సగం ఉంచాలి. కాన్‌స్టిట్యూషన్ +2 ఉన్నవాడికి రెండు రౌండ్లు, రౌండుకి ఆరు సెకన్లు, మొత్తం పన్నెండు. కొత్త రూల్ రాయాల్సిన పనే లేకుండా అసలు సంఖ్యకి ఇంత దగ్గరగా రావడం అదృష్టమే.

ఓడల మధ్య యుద్ధానికి ఆ అదృష్టం లేదు. ఓడని ఒక పెద్ద రాక్షసిగా చూపిస్తే పైలట్ ఒక్కడే ఆడతాడు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. దూరాలు కిలోమీటర్లలో ఉంటే కత్తి పట్టిన బార్బేరియన్ ఏం చేయాలి? ఓడని సన్నివేశపు నేపథ్యంగా ఉంచి, అసలు ఫైట్‌ని బోర్డింగ్‌లో పెట్టడం తేలిక మార్గం. ఇరుకు కారిడార్లలో రేంజ్ అరవై అడుగులకి మించదు, గోడకి తూటా దిగితే గాలి పోతుందన్న భయం ఉంటుంది, కత్తికి అప్పుడు నిజంగానే పని దొరుకుతుంది. 1987లో వచ్చిన వార్‌హ్యామర్ 40,000 అనే బొమ్మల యుద్ధపు ఆట విశ్వంలో ఆర్క్‌లు, ఎల్ఫ్‌ల పోలికలున్న జాతులు అంతరిక్షంలో రంపపు కత్తులతో కొట్టుకుంటాయి. దగ్గరి పోరాటానికి చోటిస్తే చాలు, ఎవరూ ఎందుకని అడగరని అది అప్పుడే చూపించింది.

ఇలా మార్చుకున్నదాన్ని ఇంట్లో ఆడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పీడీఎఫ్ చేసి పంచాలన్నా అమ్మాలన్నా, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ లైసెన్స్ కింద విడుదలైన సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1 (ఐదో ఎడిషన్ మూల రూల్స్ పత్రం) ఉంది. జెలటినస్ క్యూబ్, ట్రోల్, జాంబీ, ఫైర్‌బాల్ అన్నీ అందులో ఉన్నాయి. ఆ డాక్యుమెంట్‌లో ఇచ్చిన ఆట్రిబ్యూషన్ వాక్యాన్ని మన పీడీఎఫ్‌లోనూ పెడితే వాడుకోవచ్చు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసుల స్టాట్ బ్లాక్‌లు అందులో లేవు. లేజర్ పిస్టల్ పట్టిక కూడా లేదు, లాంగ్‌బో ఉంది.